ఒండ్రుమట్టి చేతులు

ఆ వేసవిలో కాలువకి నీళ్ళు కట్టేసిన మర్నాడే, మా దుర్గాసాయి తన కూతుర్ని విశాఖపట్నం పంపించేస్తానన్నాడు.

దుర్గాశ్రీకి అప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది. గొంతు ఉంది, ఏడుపు ఉంది, తనలో తాను సన్నగా తీసుకునే ఒక రాగం కూడా ఉంది. మనిషి ముఖం చూసి ఒక్క మాట అనడం మాత్రం లేదు. అన్నం మెతుకు వేలికి అంటుకుంటే ఒళ్ళు కాలినట్టు కేకలు పెట్టేది. ఇసుక తొక్కేది కాదు, గడ్డిలో నిలబడేది కాదు. చెంచాతో పెడితే తెల్లటి పెరుగన్నం, లేదంటే బిస్కట్టు. తణుకులో ఒక స్కూలు వాళ్ళు ఇంటర్వ్యూ అని పిలిచి చేతికి పెన్సిలు ఇచ్చారు. పిల్ల దాన్ని విసిరికొట్టింది. "ఇలాంటి పిల్లలకి వేరే స్కూళ్ళుంటాయండి" అని వాళ్ళు చిరునవ్వుతో తలుపు దాకా సాగనంపారు. విశాఖలో అటువంటి స్కూలు ఉందనీ, హాస్టల్లోనే ఉంచుకుంటారనీ మార్కెట్లో ఎవరో దుర్గాసాయికి చెప్పారు.

"ఇంత పిల్లని హాస్టల్లోనా?" అన్నాను.

"ఇక్కడుంచి మనం చేసేదేంటమ్మా, జాలి పడటం తప్ప? అక్కడ ట్రైనింగ్ ఇస్తారు."

వాడు చెడ్డ తండ్రి కాడు. రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారం చేస్తాడు. పొద్దుటి నుంచీ పదిమంది మధ్య నిలబడి గెలల వేలంపాట పాడించే మనిషి, తన కూతురి ప్రస్తావన వచ్చేసరికి గొంతు తగ్గించుకోవలసి వచ్చేది. ఆ తగ్గించుకోవడంతో అలిసిపోయాడు.

కోడలు రాణి గుమ్మం దాటి లోపలికి రాకుండానే మాట్లాడింది. "అత్తయ్యగారూ, రాజమండ్రి డాక్టరమ్మగారు పిల్లకి చేతుల్లో భయం ఉందన్నారండి. ఆటలాడించి ఆ భయం వదలగొట్టమన్నారు. ముందు పొడివాటితో, తరవాత తడివాటితో, జిగురువాటితో. నాకు ఈ వేసవొక్కటి ఇప్పించండి, చాలు."

"ఒంటికి బురద పూసుకుంటే మాటలొస్తాయా? భలే చెప్పింది మీ డాక్టరమ్మ!" అన్నాడు దుర్గాసాయి.

నేను కాన్వెంటులో చదువుకున్నదాన్ని. ప్రార్థనకు ముందు సిస్టర్ ప్రిస్కిల్లా మా వరసల మధ్య నడుస్తూ, చాచిన చేతులను ముందూ వెనకా తిప్పి చూసేది. గోటి కింద నల్లటి గీత కనిపిస్తే స్కేలు మాట్లాడేది. శుభ్రమైన చెయ్యి శుభ్రమైన మనసుకు గుర్తు అన్న పాఠం నా ఎముకల్లోకి దిగిపోయింది. ఈ ఇంటి అరుగు మీద మట్టి కాలిగుర్తు పడితే చుట్టమైనా సరే, నీళ్ళచెంబు చూపించడం నా అలవాటు. అయితే ఒక పక్షం మాట వినకుండా శిక్ష వెయ్యడం ఎంత అన్యాయమో కూడా ఆ వరసల్లో నిలబడే తెలుసుకున్నాను. ఈ తగాదాలో ఒక పక్షం ఇంకా నోరు విప్పలేదు. ఆ పక్షం పేరు దుర్గాశ్రీ.

"కాలువకి నీళ్ళు వదిలే దాకా గడువు," అన్నాను. "అంతవరకూ రాణి చెప్పినట్టు జరుగుతుంది. అప్పటికీ పిల్లలో మార్పు లేకపోతే నీ ఇష్టప్రకారం తీసుకెళ్ళు. ఈ మధ్యలో ఇంట్లో ఎవరూ నోరు చేసుకోకూడదు."

"మార్పంటే ఏంటమ్మా? దానికో లెక్క ఉండాలిగా?"

"కళ్ళెదుట జరిగితే నీకే తెలుస్తుంది. తెలియకపోతే నేను చెబుతాను."

వాడు ఒప్పుకున్నాడు గానీ, విశాఖ వాళ్ళకు ఫోన్ చేసి సీటు ఆపి ఉంచమన్నాడు.

రాణి మొదట ధాన్యంతో మొదలుపెట్టింది. ఇత్తడి గంగాళంలో నిండా వడ్లు పోసి వెనక వసారాలో పెట్టింది. పిల్లను దగ్గరకు లాగలేదు, రమ్మని పిలవలేదు. తన చేతి గాజు ఒకటి తీసి, సగం పైకి కనబడేలా వడ్లలో గుచ్చి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఉండిపోయింది. దుర్గాశ్రీకి ఆ గాజుల చప్పుడంటే ప్రాణం. గంగాళం చుట్టూ తిరిగింది. నిలబడింది. వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. చివరికి రెండు వేళ్ళతో, ముల్లు తీస్తున్నంత జాగ్రత్తగా, ఒక్క గింజ కూడా తగలకుండా గాజును పైకి లాగి పట్టుకుపోయింది.

మర్నాడు గాజు ఇంకాస్త లోతుకు దిగింది. ఆ మరుసటి రోజు అంచు మాత్రమే కనిపించింది.

గోడ అవతలి నుంచి మా పొరుగింటి అచ్చాయమ్మ తల ఎత్తి చూసింది. "ఏంటండీ పాపాయమ్మగారూ, అప్పుడే విత్తనాలు తీశారా? నారుమళ్ళకి ఇంకా బోలెడు టైముందిగా!"

"విత్తనాలు కావు. మనవరాలు ఆడుకుంటోంది."

"ధాన్యంలోనా! కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం కదండీ, ఆటలేంటమ్మా? లక్ష్మీదేవికి కోపం రాదూ?"

"లక్ష్మీదేవి కూడా ఒకప్పుడు చంటిపిల్లేగా, అచ్చాయమ్మా. తల దించుకుని వెళ్ళు, ఎండ తగులుతుంది."

ఆ వారమో, ఆ తరవాతి వారమో, ఒక మధ్యాహ్నం నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ పెట్టుకునేసరికి, పిల్ల మోచేతి దాకా వడ్లలో ఉంది. గాజు అప్పటికే దొరికింది, ఎడమచేతిలో ఉంది. అయినా కుడిచెయ్యి బయటకు రాలేదు. వడ్ల అడుగున ఎక్కడో వేళ్ళు మెల్లగా కదులుతుంటే పైన గింజలు గుసగుసగా జారుతున్నాయి. పిల్ల ఆ చప్పుడు వింటూ, తన వేళ్ళు కంటికి కనబడని చోట కూడా ఉన్నాయని అప్పుడే తెలిసినట్టు, నోరు కొద్దిగా తెరిచి నిలబడిపోయింది. రాణి నా వైపు చూసింది. నేను పెదవి మీద వేలు పెట్టాను. చర్చిలో గంట మోగాక నిశ్శబ్దం పరుచుకుంటుందే, మా వసారాలో అటువంటి నిశ్శబ్దం ఆవరించింది.

తడి దగ్గర మళ్ళీ కష్టం మొదలైంది. బియ్యప్పిండిలో నీళ్ళు కలపగానే పిల్ల అరిచి గోడకు అంటుకుపోయింది. రాణి ఒక తువ్వాలు తెచ్చి పిల్ల భుజాన వేసింది. "ఇది నీదే. ఎప్పుడు తుడుచుకోవాలనిపిస్తే అప్పుడు తుడుచుకో," అంది. ఆ పద్ధతి నాకు నచ్చింది. ఆ తువ్వాలు ఆ పిల్ల హక్కు. దాన్ని ఎవరూ లాక్కోకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. వేలు పిండిలో ముంచేది, తుడుచుకునేది. ముంచేది, తుడుచుకునేది. తరవాత తరవాత తువ్వాలు భుజం మీదే ఉంటూ, పొడిగా ఉండిపోయేది.

అప్పటికి కాలువ అడుగు పూర్తిగా బయటపడింది. మిగిలిన మడుగుల్లో కుర్రాళ్ళు మోకాళ్ళ లోతున దిగి కొరమీనులు పట్టేవారు. నీళ్ళు ఇంకిన చోట ఒండ్రు నల్లగా, వెన్నలా మెరిసేది. రాణి ఒక గంపెడు తెస్తానంది. నేను రెండు షరతులు పెట్టాను: ఆట జామచెట్టు కిందే జరగాలి; నత్తగుల్లలూ గాజుపెంకులూ లేకుండా ఆ మట్టిని నేను స్వయంగా పిసికి చూడాలి. చూశాను. కొంగు బొడ్లో దోపి, ముక్కాలిపీట మీద కూర్చుని, ఒక్కొక్క ముద్దనూ వేళ్ళ మధ్య నలిపాను. గోళ్ళ కింద నల్లటి గీతలు సబ్బుకు వదల్లేదు.

చదువు చెప్పే చోట్లు నేను చాలా చూశాను. ఆ జామచెట్టు కింద జరిగినటువంటి చదువు ఎక్కడా చూడలేదు.

దుర్గాశ్రీ చెంబుతో మట్టి మీద నీళ్ళు పోసింది. నీళ్ళు మాయమయ్యాయి. మళ్ళీ పోసింది; ఈసారి నిలిచాయి. చెంబులోకి చూసింది, మట్టిలోకి చూసింది, వంగి మట్టికి చెవి ఆనించింది. తరవాత అరచెయ్యి నొక్కి పైకెత్తింది. కింద తన చెయ్యి! ఎత్తిన చెయ్యి వంక చూసుకుంది, కిందనున్న చేతి వంక చూసింది. ఆ అచ్చులో తన చేతిని మళ్ళీ పెట్టింది. సరిపోయింది. అప్పుడు తల్లి మణికట్టు పట్టుకుని, ఆ చేతిని అదే అచ్చులో పెట్టబోయింది. పట్టలేదు.

పిల్ల కదలకుండా ఉండిపోయింది. తల్లి వేళ్ళను చూసింది. ఆ వేళ్ళ వెంబడే చూపు మోచేతికి, భుజానికి పాకి, చివరికి ముఖం మీదికి వచ్చి ఆగింది. పుట్టాక రాణి ముఖాన్ని అంతసేపు చూడటం అదే మొదలు. ఈమె వేరే మనిషి, నేను వేరే మనిషి అన్న సంగతిని ఒక చంటిపిల్ల నా కళ్ళ ముందు, బురదలో కనిపెట్టింది.

అంతటితో ఆగక, తల్లి చేతిని పక్కనే విడిగా నొక్కించి, నా దగ్గరికి వచ్చింది. ముడతలు పడిన నా చేతిని రెండు చేతులతో మోసుకెళ్ళినట్టు తీసుకెళ్ళి, తన అచ్చు పక్కన, తల్లి అచ్చు పక్కన నొక్కించింది. చిన్నదాని నుంచి పెద్దదానికి, పెద్దదాని నుంచి చిన్నదానికి, వరసగా తాకుతూ పోయింది.

"వరస పెడుతోందండీ, అత్తయ్యగారూ!" అంది రాణి.

"చూస్తున్నానమ్మాయ్. నువ్వు కదలకు."

ఆవకాయ రోజున అంతా తలకిందులైంది.

మా ఇంట్లో ఆవకాయకు తడి తగలకూడదు. ముక్కల్ని పొడిగుడ్డతో తుడుస్తాం. గరిటె, జాడీ, కలిపే చెయ్యి, అన్నీ ఆరి ఉండాలి. ఒక్క తడిచుక్క పడితే ఏడాది పచ్చడి బూజు పడుతుంది. ఆ రోజు చిన్నపిల్లలకు వంటింటి వసారాలో ప్రవేశం లేదు. రాణి పెద్ద బేసిన్‌లో మామిడిముక్కలు, కారం, ఆవపిండి, ఉప్పు వేసి, పప్పునూనె పోసి కలిపింది. జాడీ తీసుకురావడానికి ఆమె లోపలికి వెళ్ళింది. నేను మిగిలిన టెంకలు ఏరుతూ అటు తిరిగి ఉన్నాను.

దుర్గాశ్రీ జామచెట్టు కింద నుంచి వచ్చింది. చేతులకు తడిమట్టి. ఎదురుగా ఇంతవరకూ తాను చూడని కొత్త రకం బురద, ఎర్రగా, నిగనిగలాడుతూ, బేసిన్ నిండా. అదేమిటో తెలుసుకునే పద్ధతి మేమే నేర్పాం. రెండు చేతులూ మోచేతుల దాకా ముంచింది.

కేక విని నేను తిరిగేలోపల ఒక చెయ్యి చెంపకు రాసుకుంది. సరిగ్గా అప్పుడే దుర్గాసాయి మార్కెట్ నుంచి భోజనానికి వచ్చాడు. ఒక్క అంగలో వచ్చి పిల్లను ఎత్తుకున్నాడు. తెల్ల చొక్కా ఎర్రబారింది.

"ఇదేనా మీ వైద్యం? బురదకీ కారానికీ తేడా తెలియకుండా పెంచుతున్నారు పిల్లని! కళ్ళల్లో పడితే ఏం చేసేవాళ్ళు? గడువూ లేదు, గాడిదగుడ్డూ లేదు. రేపే బయలుదేరుతున్నాం!"

రాణి జాడీ పట్టుకుని రాయిలా నిలబడింది. పచ్చడి వంక చూడలేదు. పిల్ల వంకే చూస్తోంది.

ఇంతకుముందు ఏ బాధ కలిగినా దుర్గాశ్రీ కర్రలా బిగుసుకుపోయి, తలను గోడకు కొట్టుకునేది. బాధ ఎక్కడో మేము వెతుక్కోవలసిందే. ఆ రోజు బిగుసుకోలేదు. ఏడుస్తూనే రెండు చేతులూ చాచి, వేళ్ళు విడదీసి, తండ్రి ముఖం ముందు పెట్టింది.

"నాన్నా. మంట."

వాడు ఇంకా అరుస్తూనే ఉన్నాడు. "ఊళ్ళో అందరికీ నేను జవాబు చెప్పుకోవాలి. మీకేం..."

"దుర్గాసాయీ, నోరు ముయ్యి," అన్నాను. "పిల్ల మాట్లాడుతోంది."

వాడు ఆగాడు.

"చేతులు మంట," అంది దుర్గాశ్రీ. తరవాత, అర్థం కాని వాళ్ళకు ఇంకోసారి చెప్పాలన్నట్టుగా, చెంప ముట్టుకుని, "ఇక్కడ" అంది.

రాణి పెరుగు గిన్నె తెచ్చింది. పిల్ల ఎవరూ చెప్పకుండానే చేతులు అందులో ముంచింది. ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది. "చల్లగా," అంది తనలో తాను. పిల్లను ఎత్తుకున్న మనిషి అలాగే నిలబడ్డాడు. చొక్కా మీద కారం, ప్యాంటు మీద పెరుగు కారుతున్నాయి. ఆవఘాటుకేమో, కళ్ళు ఆర్పుకుంటున్నాడు.

గోడ మీదుగా అచ్చాయమ్మ అడిగింది. "పచ్చడి పాడైపోయినట్టేగా, పాపాయమ్మగారూ? పారబొయ్యండి, మట్టి చెయ్యి కూడా పడింది!"

"మట్టి పడినంత మేరా తీసేశాం. మిగిలింది వేరే జాడీలో పెట్టి ముందు తింటాం," అన్నాను. ఆ పచ్చడిని పారబోసే చెయ్యి ఆ ఇంట్లో లేదు.

భోజనాలయ్యాక దుర్గాసాయి నా మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అన్నది, కాదనను. మంట పుట్టింది కాబట్టి అన్నది. రేపు ఏ నొప్పీ లేనప్పుడు అంటుందా? తను అనుకున్నట్టు జరక్కపోతే మళ్ళీ తల బాదుకోదా? ఆ మాట కోసం రోజూ కారం పుయ్యలేంగా, అమ్మా."

ఆ ప్రశ్న న్యాయమైనదే. నా కొడుకు కాబట్టి తేలిగ్గా తీసెయ్యలేదు, కోడలి కన్నీళ్ళు చూసి దాటెయ్యనూ లేదు. "గడువు నేను పెట్టాను. అది నీళ్ళొచ్చే దాకా అలాగే ఉంటుంది. ఆ రోజున నువ్వు మార్కెట్‌కి వెళ్ళకు. ఇక్కడే ఉండు," అన్నాను.

నీళ్ళు వదిలే రోజున ఊరంతా కాలువగట్టు మీద చేరింది. పొద్దున్నే దుర్గాశ్రీ మా రేవు మెట్ల దిగువన, కాలువ అడుగునే, ఒండ్రుతో గిన్నెలు చేసి పేర్చుకుంది. ఇంటికి రమ్మంటే రాలేదు. తల్లి ఎత్తుకుని పైమెట్టు మీద కూర్చోబెట్టింది. అక్కడి నుంచే తన గిన్నెలకు కాపలా కాసింది.

"వస్తున్నాయి! వస్తున్నాయి!" అని పైనుంచి కేకలు వినబడ్డాయి. వంపు తిరిగి నీళ్ళు కనిపించాయి. గోదారి నీళ్ళు మొదట వచ్చేటప్పుడు పరిగెత్తవు. ఎండుటాకులను, పుల్లలను, నురుగును ముందు నెట్టుకుంటూ, నేలను నాకుతూ, తాను తడపబోయే ప్రతి పగులునూ పలకరించుకుంటూ వస్తాయి. ఇన్నేళ్ళుగా చూస్తున్నా, ఆ మొదటి అంచు కనబడగానే నాకు తెలియకుండానే లేచి నిలబడతాను.

దుర్గాసాయి చూపు నీళ్ళ మీద లేదు, గిన్నెల మీద ఉంది. "లోపలికి తీసుకెళ్ళిపోతానమ్మా. అవి పోవడం చూస్తే తట్టుకోలేదు. ఇంతమందిలో తల బాదుకుంటుంది," అని పిల్లను ఎత్తుకోబోయాడు.

"చూడనీ," అన్నాను.

"అమ్మా..."

"తన వస్తువులవి. పోవడం చూసే హక్కు తనది."

రాణి పిల్ల వెనక కూర్చుని, తాకకుండా, చేతులు రెండు వైపులా సిద్ధంగా పెట్టుకుంది. నీళ్ళు మొదటి గిన్నెను చేరాయి. దాని అంచు మెత్తబడి, ఒక పక్కకు ఒరిగి, నల్లటి పొగలా నీళ్ళలో కలిసింది. తరవాత రెండోది. దుర్గాశ్రీ గొంతులో ఏదో లేచింది. ఆ లేచినది కేకగా మారలేదు. పిల్ల మెట్టు దిగి, ఇంకో మెట్టు దిగింది. దుర్గాసాయి చటుక్కున వెంట దిగి చొక్కా వీపు పట్టుకున్నాడు. పిల్ల గొంతుక్కూర్చుని, పాదాల దాకా వచ్చిన నీళ్ళలో చెయ్యి పెట్టింది. చేతికున్న మట్టి చారలు చారలుగా విడిపోవడాన్ని, సూర్యోదయం చూస్తున్నట్టు చూసింది. ఆఖరి గిన్నె కూడా కరిగింది.

"అయిపోయింది," అంది.

తల తిప్పి, తన చొక్కా పట్టుకున్న మనిషిని చూసింది. ముఖంలోకే చూసింది.

"నాన్నా. మళ్ళీ చేద్దాం."

ఏ నొప్పీ లేదు, ఏ మంటా లేదు. గట్టు మీద జనం నీళ్ళకు పసుపూ కుంకుమా చల్లుకుంటూ, వాళ్ళ సందడిలో వాళ్ళున్నారు. ఆ రెండు మాటలూ విన్నది మేం ముగ్గురమే.

దుర్గాసాయి వాచీ తీసి నా చేతికిచ్చాడు. ప్యాంటు మడిచి, పిల్లను పైకి నడిపించుకొచ్చి, పైమెట్టు వార మిగిలి ఉన్న ఒండ్రు కుప్ప దగ్గర కూతురి పక్కన కూలబడ్డాడు. గెల చూసి పండు ఎన్నిరోజులు ఆగుతుందో చెప్పగల ఆ చేతులకు ఒక ముద్ద నిలబెట్టడం చేతకాలేదు. గిన్నె ఒక పక్కకు వాలిపోయింది. దుర్గాశ్రీ చిరాకుపడి, వాడి బొటనవేలు పట్టుకుని, ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కింది.

"ఇలాగా?" అన్నాడు.

"కాదు."

"మరెలా?"

పిల్ల మళ్ళీ వాడి వేలు పట్టుకుంది.

వాడి జేబులో ఫోన్ మోగింది. రెండు చేతులూ మణికట్ల దాకా మట్టిలో ఉన్నాయి. భుజం ఎత్తి నా వైపు తిరిగాడు. "కాస్త తియ్యమ్మా. విశాఖ వాళ్ళై ఉంటారు. ఇవాళ ఏ సంగతీ చెబుతానన్నాను."

ఫోన్ తీశాను. వాళ్ళే. "ఏం చెప్పమంటావు?"

వాడు తల ఎత్తలేదు. రాణి మెట్టు మీదే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"చేతులు ఖాళీ లేవని చెప్పు," అన్నాడు.

అవతల ఉన్నావిడ ఇంగ్లీషులో అడిగింది. నేను కాన్వెంటు ఇంగ్లీషులో, ఒక్క అక్షరం కూడా మార్చకుండా, అదే చెప్పాను.